పటంలో రంగు దక్కని మేత నేల

బొమ్మసంద్ర అంటే ఇవాళ గుర్తొచ్చేవి ఫ్యాక్టరీలు. బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ, హెబ్బగోడి దాటగానే మందుల కంపెనీలు, యంత్రాల షెడ్లు, పెద్ద ఆసుపత్రి, షిఫ్టు మారే వేళకు రోడ్డు నిండా జనం. ఆ జనంలో ఎటు చెవి పెట్టినా కాస్త తెలుగు వినిపిస్తుంది. ఇదే ఊరిని సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపోషీట్లలో వెతకాలంటే 57హెచ్/9 అనే షీటు తీయాలి. 57 అంటే నాలుగు డిగ్రీల అక్షాంశం, నాలుగు డిగ్రీల రేఖాంశం మేర పరుచుకున్న పెద్ద గడి. దాన్ని పదహారు అక్షరాలుగా, ఒక్కో అక్షరాన్ని మళ్లీ పదహారు అంకెలుగా కోస్తే పావు డిగ్రీకొక షీటు వస్తుంది. 12 డిగ్రీల 45 నిమిషాల అక్షాంశం దగ్గర 57హెచ్/9 ముగిసి 57హెచ్/10 మొదలవుతుంది. ఆ గీత బొమ్మసంద్రకు ఐదారు కిలోమీటర్ల దక్షిణంగా పోతుంది. అందుకే బొమ్మసంద్ర పై షీటులోనూ, దాని తాలూకా కేంద్రం ఆనేకల్ కింది షీటులోనూ పడ్డాయి. పడమట ఉన్న బన్నేరుఘట్ట అడవి రెండు కాగితాల మధ్య చీలింది. అటూ ఇటూ తిరిగిన మందలకు మాత్రం ఈ గీత సంగతి తెలియదు.

ఈ మధ్య బెంగళూరులో పాత పటాలకు గిరాకీ పెరిగింది. వాన పడి వీధులు మునిగినప్పుడల్లా ఎవరో ఒకరు పాత షీటు బయటికి తీసి, ఇదిగో ఇక్కడ చెరువుండేది, ఇక్కడ రాజకాలువ పారేది అని చూపిస్తారు. చెయ్యవలసిన పనే అది. చెరువు విషయంలో టోపోషీటు గట్టి సాక్షి. నీటికి నీలం, కట్టకు గీత, పక్కనే కట్ట ఎత్తు చెప్పే చిన్న అంకె కూడా ఉంటుంది. అడవి విషయంలోనూ దాని సాక్ష్యం నిలుస్తుంది. అయితే ఈ కొండ అడవుల సీమలో ఇంకో రకం నేల ఉంది. దాన్ని చెరువనలేం, అడవనలేం, పొలమనలేం. ఏడాదిలో కొన్ని నెలలు పశువులు మేసే బీడు, గుట్ట వాలు, అడవి అంచు. ఆనేకల్ నుంచి కనకపుర దాకా, ఇటు డెంకణికోట దాకా పల్లెల పాడి, ఎరువు, దుక్కిటెద్దు ఆ నేల మీదే ఆధారపడ్డాయి. దాని ఊసెత్తే సరికి టోపోషీటు నోరు మూసుకుంటుంది. ఈ మౌనం పొరపాటున వచ్చింది కాదనీ, పటం తయారీ పద్ధతిలోనే ఉందనీ, తరువాత అదే ‘ఖాళీ నేల’ అనే సర్కారు మాటగా మారిందనీ నా వాదన. రంగులు వదిలేసిన సంగతిని అదే కాగితం మీద ఊళ్ల పేర్లు దాచి ఉంచాయి కూడా. ఈ షీట్లను చదవవలసిన తీరు అక్కడే మొదలవుతుంది.

ముందు రంగుల సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, 1905 నాటి సంస్కరణల తరువాత, సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం లెక్కన రంగుల షీట్లు వేయడం మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం తరువాత మెట్రిక్ కొలతలు వచ్చాక అవే 1:50,000 షీట్లయ్యాయి. సాగు నేలకు పసుపు, చెట్లున్న చోట ఆకుపచ్చ, నీటికి నీలం, ఎత్తుపల్లాల గీతలకు గోధుమరంగు, ఊళ్లకు, రోడ్లకు ఎరుపు. మిగిలిందంతా కాగితం రంగే, తెలుపు. ఆ తెలుపు మీద అక్కడక్కడా ఇంగ్లీషులో ‘ఓపెన్ స్క్రబ్’ అనో ‘ఫెయిర్లీ డెన్స్ స్క్రబ్’ అనో రాసి ఉంటుంది. అడవైతే ‘డెన్స్ మిక్స్‌డ్ జంగిల్’. ప్రభుత్వం ప్రకటించిన రిజర్వు అడవైతే ‘ఆర్.ఎఫ్.’ అన్న రెండక్షరాలు, చుట్టూ హద్దు. గుర్తుల పట్టికలో గడ్డికీ, తుప్పకూ చిన్న చిన్న బొమ్మలు లేకపోలేదు. కాని అవి మొక్క ఎలాంటిదో చెబుతాయి. దాన్ని ఎవరు ఏ నెలలో మేపుకుంటారో చెప్పవు. పసుపు రంగు అలా కాదు. అది కనిపించగానే ఇది ఎవరో దున్నుకునే నేల అని చూసేవాడికి తెలిసిపోతుంది, అంటే ఆ రంగులోనే ఒక వాడకం, ఒక హక్కు ఇమిడి ఉన్నాయి. నాగలికి దక్కిన ఈ గౌరవం మందకు దక్కలేదు.

కాలం సంగతి కూడా చూడాలి. సర్వే బృందాలు బయలుదేరేది వానలు తగ్గాక. మళ్లీ వానలు పట్టే లోపు ఆఫీసుకు చేరి, గీసుకొచ్చినదానికి తుది మెరుగులు దిద్దేవి. ఆనేకల్ వైపు గడ్డి లేచేదేమో జూన్‌లో. వానలు వెనక్కి తిరిగే దాకా పచ్చగా ఉండి ఆ తరువాత ఎండిపోతుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో ప్లేన్ టేబుల్ ముందు నిలబడ్డ సర్వేయరుకు ఎండు మొదళ్లు, రాళ్లు, మంద వెళ్లిపోయిన దొడ్డి కనిపిస్తాయి. అతను అబద్ధం రాయలేదు, ఆ రోజు అక్కడ నిజంగానే ఏమీ లేదు. గుడి, బావి, బాట లాంటి కదలనివి పటానికి చిక్కుతాయి గాని, మందతో పాటు నడిచి వెళ్లిపోయే వాడకం చిక్కదు. అడవిలోనైతే జ్వరం కూడా తోడయ్యేది. 1819లో గోదావరి, కృష్ణల మధ్య అడవుల్లో కోణాలు కొలుస్తూ జార్జ్ ఎవరెస్టు, ఆయన బృందం జ్వరాన పడ్డారు. కోలుకోవడానికి ఆయన మరుసటి ఏడు ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు వెళ్లవలసి వచ్చింది. అలాంటి చోట సర్వేయరు శిఖరం మీంచి శిఖరం మీదికి చూపు వేసి, మధ్యలో ఉన్నదాన్ని త్వరగా ముగించుకుని బయటపడాలనుకోవడంలో వింతేమీ లేదు.

ఈ పటాల చరిత్రలో తొలి అధ్యాయం జరిగింది బెంగళూరు దగ్గరే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కొత్తగా పంచుకున్న నేలను కొలవడానికి ఈస్టిండియా కంపెనీ తరఫున ఇద్దరు దిగారు. విలియం లాంబ్టన్ 1800 చివరలో బెంగళూరు దగ్గర ఏడు మైళ్ల పైచిలుకు ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. అది కసరత్తు. అసలు మహా త్రికోణమితి సర్వే 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. 1804లో బెంగళూరు దగ్గర ఇంకో రేఖ కొలిచి లెక్క సరిచూసుకున్నారు. లాంబ్టన్‌కు కావలసింది బిందువులు, కోణాలు. కాలిన్ మెకంజీకి వాటితో పాటు ఊళ్లు, కోటలు, చెరువులు, పాడుబడ్డ గ్రామాలు, వాటి కథలు కూడా కావాలి. దాదాపు 40,000 చదరపు మైళ్ల మైసూరు దేశాన్ని పదేళ్ల పాటు కొలిచి, పటాలతో పాటు చిట్టాలు తయారు చేయించాడు. ఆయనకు ఇక్కడి భాషలు రావు. ఆ లోటు తీర్చింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లోనే, ఇంకా ముప్పై నిండకుండా పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. ఊళ్లో కరణాన్నీ, పెద్దలనూ కూర్చోబెట్టి పేరేమిటి, ఎవరు కట్టించారు, ఎందుకు పాడుబడింది అని అడిగి రాసింది ఇలాంటి తెలుగు గుమాస్తాలు. గొలుసు పట్టిన చెయ్యి ఒకటి, పేరు విన్న చెవి ఇంకొకటి. టోపోషీటు పుట్టుకలోనే ఉన్న ఈ రెండు పాయలను విడదీసి చూడకపోతే నా వాదన అర్థం కాదు.

పటం గీయించిన సైన్యానికి మేత విలువ తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. మైసూరు సైన్యం వేగమంతా దాని ఎద్దుల్లో ఉండేది. చిక్కదేవరాజ ఒడయరు కాలంలో ‘బెణ్ణె చావడి’ పేరుతో, అంటే వెన్న కచేరీగా, మొదలైన ప్రభుత్వ మందలను హైదర్ పెంచాడు. టిప్పు దానికి ‘అమృత మహల్’ అని పేరు పెట్టాడు. ఫిరంగులు లాగేవీ, సామాను మోసేవీ ఆ ఎద్దులే. వాటి కోసం రాజ్యం నిండా ‘కావలు’ అనే గడ్డి మైదానాలు కేటాయించారు. ఎండాకాలపు కావళ్లు, వానాకాలపు కావళ్లు, చలికాలపు కావళ్లు వేరువేరు. నెల మారితే మంద మారాలి, అదీ దాని ఏర్పాటు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి కూడా ఈ కావళ్లు నాలుగు లక్షల ఎకరాల దాకా ఉండేవి. 1799లో కంపెనీ సైన్యం ఈ మందలను స్వాధీనం చేసుకుంది. 1860లో ఖర్చు దండగని శాఖనే ఎత్తేసి పశువులను అమ్మేశారు. ఆరేళ్లు తిరగకుండానే మంచి ఎద్దులు దొరక్క 1866లో మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది. పటంలో తెల్లగా కనిపించే నేల ఏం పండిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనిపించదు. ఆ నేల ఫిరంగులను కదిలించే బలాన్ని పండించింది.

బొమ్మసంద్రకు తూర్పున ఇంకో ఉదాహరణ ఉంది. 1799 పంపకంలో ఆనేకల్ మైసూరు వైపు ఉండిపోయింది, హోసూరు కంపెనీ చేతికి పోయింది. ఒకే పీఠభూమి, ఒకే అడవి వరుస, రెండు వైపులా కన్నడం, తెలుగు, తమిళం కలగలిసిన పల్లెలు. నేటికీ అత్తిబెలె దగ్గర రాష్ట్రం మారుతుంది. ఆ హోసూరు పక్కన మత్తిగిరిలో 1824లో కంపెనీ సైన్యం గుర్రాల కోసం ఒక క్షేత్రం పెట్టింది. అదే ఇప్పుడు తమిళనాడు ప్రభుత్వ పశువుల ఫారం, 1,641 ఎకరాలు. అమెరికా పశ్చిమాన రాంచ్ అని పిలిచే దానికి మన దగ్గర కాస్త దగ్గరగా వచ్చేది ఇదే. సర్కారు మేతకు పేరు, హద్దు, దస్తావేజు అన్నీ అమరాయి. రెండు వందల ఏళ్లయినా అది చెదరలేదు. పక్కనే పల్లెల ఉమ్మడి మేత మాత్రం హద్దు రాళ్లు లేకుండా, ఎవరి పేరునా లేకుండా, తెల్లకాగితంగా మిగిలింది. రెండు చోట్లా మొలిచేది ఒకే గడ్డి. తేడా అంతా యజమాని ఎవరన్నదాంట్లో ఉంది. కాబట్టి మేతను పటంలో చూపడం సాధ్యం కాదన్న మాట నిలవదు. యజమాని సర్కారైనప్పుడు చూపగలిగారు.

అడవి చట్టాలు వచ్చాక ఈ తేడాకు పదును పెరిగింది. మైసూరులో అటవీ శాఖ 1864లో ఏర్పడింది. మద్రాసు రాష్ట్రానికి 1882లో అటవీ చట్టం వచ్చింది. అంతకు పదేళ్ల ముందు మద్రాసు రెవిన్యూ బోర్డు ఈ ఆలోచననే గట్టిగా ఎదిరించింది. ఈ రాష్ట్రంలో ఏదో ఒక గ్రామం పొలిమేరలో పడని అడవి దాదాపు లేదనీ, ప్రతి దాని మీదా పల్లెలకు వాడకపు హక్కులున్నాయనీ దాని వాదన. గమనించండి, ఇది తిరుగుబాటుదారుల మాట కాదు, తెల్లదొరల కచేరీ మాట. అయినా చట్టం వచ్చింది, గీతలు పడ్డాయి, ఆ గీతలు షీట్ల మీదికి ఎక్కాయి. ఆ తరువాత జరిగింది తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథ. పల్నాడు మెట్ట సీమ, రైతుకు పశువే ఆధారం. అడవి అంచున తరతరాలుగా మేపుకున్న చోట మేపినందుకు పుల్లరి కట్టమన్నారు. 1921లో జనం ఎదురుతిరిగి అటవీ సిబ్బందిని సాంఘికంగా వెలివేశారు. మాచర్ల వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణను అరెస్టు చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలయ్యాడు. పుల్లరి పోరాటాన్ని మనం పన్ను మీద పోరాటంగా చెప్పుకుంటాం, అది నిజమే. దాని అడుగున మాత్రం పటం మీది గీతకూ మంద నడిచిన దారికీ మధ్య తగవుంది.

దీనికి సర్వే శాఖ తరఫున చెప్పదగిన జవాబు ఒకటుంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. టోపోషీటు సైన్యం కోసం, రోడ్లూ వంతెనలూ కట్టేవాళ్ల కోసం పుట్టింది. హక్కులు రాయడం దాని పని కాదు, దాన్ని రెవిన్యూ సర్వే చేసింది అంటారు. మైసూరులో రెవిన్యూ సర్వే 1863లో మొదలైన మాట వాస్తవం. గ్రామ నక్షాల్లో గోమాళం, అంటే ఊరి పశువుల మేత నేల, ఉంది. కర్ణాటకలో 1966 నాటి భూమి శిస్తు నియమాలు నూరు పశువులకు 12 హెక్టార్ల చొప్పున గోమాళం ఉంచాలన్నాయి. మన వైపు మందబయలు, మేత పోరంబోకు అనే పద్దులున్నాయి. ఇదంతా ఒప్పుకోవలసిందే. కాని ఆ పద్దులో గోమాళం ప్రభుత్వ భూమి. పల్లెకు దాని మీద ఉన్నది వాడుకునే వీలు, అదీ కలెక్టరు పశువుల లెక్క చూసి మిగులు తేల్చే దాకా. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిన కొద్దీ మిగులు పెరుగుతుంది, ఇది ఆ నియమంలోనే ఉన్న మెలిక. పైగా గోమాళం ఒక ఊరి పొలిమేరలో ఆగిపోతుంది, మంద ఆగదు. ఊళ్లు దాటి, తాలూకా దాటి, అడవిలోకి పోయి వానలకు తిరిగొచ్చే దారిని ఏ గ్రామ నక్షా గీయలేదు. ఊళ్లను కలిపి చూపగలిగిన పటం టోపోషీటు ఒక్కటే. ఆనకట్టకైనా, పారిశ్రామిక వాడకైనా, రహదారికైనా ప్రణాళిక వేసేవాళ్లు మొదట బల్ల మీద పరిచేది దాన్నే. కొలిచిన ఉద్దేశం ఏదైనా, వాడిన తీరును బట్టి దానికి బాధ్యత వస్తుంది.

అటవీ శాఖ వాదన వేరు. మేకలు, మందలు, గడ్డి కోసం పెట్టే నిప్పు అడవిని తిన్నాయి, రిజర్వు గీత లేకపోతే బన్నేరుఘట్ట ఈపాటికి ఇళ్ల స్థలాలయ్యేది అంటారు. రెండో సగం నూటికి నూరు పాళ్లు నిజం. బెంగళూరు పెరిగిన తీరు చూసినవాళ్లెవరూ కాదనరు. మొదటి సగంలో కూడా కొంత నిజముంది. ఒకే చోట ఏళ్ల తరబడి దొడ్డి కడితే నేల గుల్లవుతుంది. అయితే మందను ఒకే చోట కుదించింది ఎవరన్నది అడగాలి. రుతువుకొక కావలు మారే ఏర్పాటు చెదిరి, అటు రిజర్వు గీత, ఇటు కంచె వేసిన పొలం బిగుసుకున్నాక మధ్యలో మిగిలిన ముక్క మీద అన్ని పశువులూ పడ్డాయి. దాన్ని చూపించి మేతే తప్పంటే ఎలా? బన్నేరుఘట్ట 1974లో జాతీయ పార్కయింది, మేతకు తలుపు మూసుకుంది. 2020లో అదే పార్కు చుట్టూ పర్యావరణ రక్షణ వలయాన్ని ముందు అనుకున్న 268.9 చదరపు కిలోమీటర్ల నుంచి 168.84కు తగ్గించారు. ఆ వంద చదరపు కిలోమీటర్ల సడలింపు అడిగింది గొల్లలూ కురుబలూ కారు.

అసలు ఆ నేల బీడే కదా, తుప్పలు తప్ప ఏముంది, ఫ్యాక్టరీ వస్తే వేల మందికి కూడు దొరకలేదా అన్న ప్రశ్న అన్నిటికన్నా బలమైనది. బొమ్మసంద్రలో ఉద్యోగం చేసి చిత్తూరు, అనంతపురం పల్లెల్లో ఇళ్లు నిలబెట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాటి ముందు పచ్చిక గురించి నిట్టూర్చడం అన్యాయం. నా అభ్యంతరం ఫ్యాక్టరీ మీద కాదు, ‘ఏమీ లేదు’ అనే మాట మీద. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో జాడ తీయవచ్చు. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే బంజరు భూముల అట్లాసు 2019 సంచికలో దేశ విస్తీర్ణంలో 16.96 శాతాన్ని, అంటే 5.57 కోట్ల హెక్టార్లను, బంజరుగా లెక్కించారు. అందులోని తరగతుల్లో దట్టమైన తుప్ప, పలచని తుప్ప, క్షీణించిన మేత భూమి ఉన్నాయి. టోపోషీటు మీద తెల్లటి చోట రాసిన ‘ఓపెన్ స్క్రబ్’ అన్న వర్ణన వందేళ్లకు బంజరు అన్న తీర్పయింది. కెమెరా అంతరిక్షానికి ఎక్కింది గాని చూపు మారలేదు. చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె దగ్గర అమృత మహల్ కావళ్లలో దాదాపు పదివేల ఎకరాలు రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలకూ మరికొన్నిటికీ పోయాయి. గోడలు లేచాక గాని చుట్టుపక్కల గొర్రెల కాపరుల సంగతి బయటి ప్రపంచానికి పట్టలేదు. 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల తగవులో అందరూ గచ్చిబౌలి గురించి మాట్లాడారు. ముందున్న ‘కంచ’ ఏమిటని అడిగినవాళ్లు తక్కువ. తెలంగాణలో కంచ అంటే గడ్డి కోసం కాచి ఉంచిన నేల. పేరులోనే దాని వాడకం ఉంది.

ఇక పేర్ల దగ్గరికే వద్దాం. బొమ్మసంద్రలో సంద్ర అంటే సముద్రం. మన బుక్కరాయసముద్రంలో ఉన్న సముద్రమే అది, పెద్ద చెరువని అర్థం. సింగసంద్ర, హొంగసంద్ర అదే వరుస. ఈ పేర్ల నుంచి చెరువును గుర్తుపట్టడం అందరికీ అలవాటైంది, మేతను గుర్తుపట్టడమే ఇంకా అలవాటు కాలేదు. బొమ్మసంద్ర చుట్టూ గొల్లహళ్లి ఉంది, యాదవనహళ్లి ఉంది. బన్నేరుఘట్ట దాటి కనకపుర, రామనగర వైపు పోతే ‘దొడ్డి’తో ముగిసే ఊళ్లు కోకొల్లలు. దొడ్డి అంటే ఏమిటో బందెలదొడ్డి ఎరిగిన తెలుగువాడికి చెప్పనక్కరలేదు. తుమకూరు, చిత్రదుర్గ వైపు అదే పని ‘హట్టి’ చేస్తుంది. గొల్లరహట్టి అని ఎన్నో. బెంగళూరు నగరంలోనే జారకబండె కావలు ఉంది, బి.ఎం. కావలు ఉంది. కంపెనీ పేరు తగిలించిన మెట్రో స్టేషనులా ఇవి కొత్తగా పెట్టినవి కావు. (పసుపు లైను చివరి స్టేషను పేరు ఇప్పుడు డెల్టా ఎలక్ట్రానిక్స్ బొమ్మసంద్ర.) దొడ్డి పేర్లన్నిటినీ ఒక పలచని కాగితం మీద చుక్కలుగా పెట్టి, దాన్ని టోపోషీటు మీద పరిచి చూడండి. చుక్కలు ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య, గోధుమరంగు గీతలు దగ్గరపడే వాలుల వెంట వరుస కడతాయి. అధికారిక పటం గీయకుండా వదిలేసిన మేత పటం ఆ వరుసలో కనిపిస్తుంది.

పేర్లను నమ్మవచ్చా అని చరిత్రకారులు అడుగుతారు, అడగాలి కూడా. దొడ్డి ఏనాడో కాంక్రీటు ఊరై ఉండవచ్చు. యాదవ అన్నది కులం కాక ఒక మనిషి పేరు కావచ్చు. కన్నడ మాటను తెలుగు గుమాస్తా విని, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అచ్చులో ఇంకో తప్పు పడి ఉండవచ్చు. ఒక్క పేరు పట్టుకుని ఒక్క ఎకరం మీద హక్కు తేల్చడం కుదరదు, ఒక్కో ఎకరం కథకు రెవిన్యూ రికార్డే దిక్కు. గుంపుగా వచ్చిన పేర్ల బలం వేరు. ఇరవై ఊళ్లు ఒకే మాటతో ముగిసి, అవన్నీ ఒకే రకం నేల మీద ఉంటే అది యాదృచ్ఛికం అనడానికే ఎక్కువ ఆధారాలు కావాలి. పేరుకు తోడు షీటులోనే ఇంకొన్ని చిన్న గుర్తులుంటాయి: రిజర్వు గీత దాటి లోపలికి పోయి ఏ ఊరికీ చేరకుండా ఆగిపోయే కాలిబాట, ఇళ్లు లేని చోట బావి, గుట్ట అడుగున ఒంటరి కుంట. మనుషులు ఉండని చోట నీళ్లు ఎవరి కోసం?

ఈ చదువు ఇప్పుడు కాలక్షేపం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం స్థిరంగా ఉండేవాళ్ల మేత హక్కుతో పాటు రుతువును బట్టి మందలతో తిరిగేవాళ్ల హక్కును కూడా గుర్తించింది. దాని నియమాల్లో 13వది హక్కుకు సాక్ష్యాలుగా గెజెటీర్లు, సర్వే నివేదికలు, పటాలు, ఉపగ్రహ చిత్రాలు చూపవచ్చంటుంది. సంప్రదాయ మేత స్థలాలను కూడా సాక్ష్యంగా పేర్కొంటుంది. ఒకప్పుడు మందను బయటికి నెట్టిన గీతల కాగితమే గ్రామసభ ముందు మంద తరఫున మాట్లాడగలదు, చదివేవాళ్లుంటే. కాగితం కూడా అందుబాటులోకి వచ్చింది. 2005 జాతీయ పటాల విధానం సైన్యానికి ఒక వరుస, ప్రజలకు ఒక వరుస షీట్లు వేరుచేసింది. 2017 నుంచి ప్రజల వరుసను సర్వే ఆఫ్ ఇండియా ఉచితంగా దింపుకోనిస్తోంది. బొమ్మసంద్రలో, హెబ్బగోడిలో, జిగణిలో ఉంటున్న తెలుగువాళ్లు తాముండే చోటి షీటును, దాని కింది షీటును ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. సెలవు రోజున ఆనేకల్, డెంకణికోట అడవి అంచు పల్లెలకు వెళ్తే పశువులు కాసిన పెద్దవాళ్లతో చాలాచోట్ల తెలుగులోనే మాట్లాడవచ్చు. షీటు మీది ఒక్కో దొడ్డి పేరు పక్కన ఏ నెలలో ఏ ఊరి మంద నిలిచేదో వాళ్లను అడిగి రాయండి. బొర్రయ్య, లక్ష్మయ్య రెండు వందల ఏళ్ల కిందట చేసిన పని అదే. చెప్పేవాళ్లకు ఎనభై దాటాయి.